మేకతోలు కట్టని పెట్టె

స్పీకరు పెట్టెలు చేసే మా బావ మొన్న మంగళవారం ప్రభువు దగ్గరికి వెళ్లిపోయాడు. ఆసుపత్రి నుంచి కూతురు ఫోను చేసి, "మావయ్యా, నాన్న ఇంక లేరు" అంది.

ఆయన నాకు చుట్టం కాడు. మా ప్రార్థన మందిరం గోడకు ఆనుకునే ఆయన షెడ్డు. వరస మేమే కలుపుకున్నాం. ఆదివారం వెనక బల్ల మీద, యాంప్లిఫయరు పక్కన కూర్చునేవాడు. నేను వాక్యం చెబుతూ గొంతు పెంచానా, తగ్గమని చెయ్యి కిందికి ఊపేవాడు. నేను తగ్గేవాణ్ణి కాదు. "దేవుడికి సెముడు లేదు బావా, స్పీకరుకే పేణం మీదకొత్తంది" అనేవాడు బయటికొచ్చాక.

తన పెట్టెలకు ఏటికొప్పాకలో సౌండు తిప్పే మీటలు ఎర్ర లక్క పూసిన చెక్కతో చేయించేవాడు. ప్లాస్టిక్కువి చవక కదా అంటే, "తిప్పినోడి సేతికి నా పెట్టి అని తెలియాల" అనేవాడు.

రెండేళ్ల కిందట చెన్నై నుంచి బ్లూటూత్ ముక్క తెప్పించి పెట్టెలో బిగించాడు. ఫోను జేబులో ఉంటుంది, పాట పెట్టెలోంచి వస్తుంది! చుట్టుపక్కల సంఘాలు క్రిస్మస్‌కి ఇరవై పెట్టెలు అడిగాయి. ఆయన జన్మలో అంత ఆర్డరు లేదు. "ఇది గట్టెక్కితే షెడ్డుకి నా పేరుతో బోర్డు కడతాను" అన్నాడు.

సంతోషం పట్టలేక నేనొక పని చేశాను. బ్లూటూత్ గుర్తుతో నీలం స్టిక్కర్లు ప్రెస్సులో వేయించి, ఆయన భోజనానికి వెళ్లినప్పుడు పెట్టెలన్నిటికీ అంటించాను. పెద్ద కంపెనీ సరుకులా మెరిశాయి. బావ వచ్చి చూశాడు. మొహం మాడిపోయింది.

"ఎవుల్నడిగి అంటించేవు?"

"అడగడానికేటుంది? లోపలున్నది అదే కదేటి!"

"లోపలున్న ముక్క బ్లూటూతోల్లది, పెట్టి నాది. ఆ గుర్తెయ్యాలంటే ఆల్ల సంస్థలో సబ్యుడిగా సేరాల, ఈ పెట్టిని పరీక్ష సేయించి నమోదు సేయించుకోవాల. గుర్తెయ్యకపోయినా, ఆ ముక్క లోపలెట్టి అమ్మాలంటే అంతేనంట. ముక్క అమ్మినోడే ఇయ్యాల ఫోన్లో సెప్పేడు. అంత ఖర్సు నావల్ల కాదు."

నేను మండిపడ్డాను. "అనకాపల్లొచ్చి ఎవుడు సూత్తాడు బావా?"

ఆయన స్టిక్కరు అంచు గోటితో లేపుతూ అన్నాడు: "మొన్నాదివారం యాకోబు మీద గంటన్నర అరిసేవు. సేతులకి మేకతోలు కట్టుకుని, బొచ్చు సేతుల అన్ననని సెప్పి తండ్రి దీవెన కొట్టేసేడని. ముసిలోడికి కళ్లు కనపడవనే గదేటి కట్టుకున్నాడు?"

సహోదరులారా, వాక్యం ఖడ్గమని వేలసార్లు చెప్పాను. ఆ రోజు అది నాకే దిగింది. కిరసనాయిలు గుడ్డ తీసుకుని ఆయన పక్కన కూర్చున్నాను.

బావ ముక్కలు కూడా ఊడదీసేశాడు. పెట్టెల్లో బ్లూటూత్ ఉండదని సంఘాలకు తనే వెళ్లి చెప్పాడు. కశింకోట వాళ్లు ఆర్డరు వద్దనేశారు. మిగతావాళ్లు చూద్దాం అన్నారు. బోర్డు కల పోయిందనుకున్నాను. వారం తిరక్కుండా ప్రతి పెట్టె వెనక చిన్న అర చెక్కి, అందులో సాకెట్టు పెట్టాడు. అనుమతులన్నీ ఉన్న కంపెనీ చేసి అమ్మే బ్లూటూత్ రిసీవరు కొని, దాన్ని ఉన్నదున్నట్టు ఆ అరలో పెట్టి సాకెట్టుకి తగిలిస్తే చాలు.

"ఆల్ల పేరు ఆల్ల డబ్బా మీద, నా పేరు నా పెట్టి మీద. తగువేటుంది?" అన్నాడు.

వద్దన్న కశింకోట వాళ్లే ముందొచ్చి పట్టుకెళ్లారు. షెడ్డుకి బోర్డు లేచింది. ఆ పేరును ట్రేడ్‌మార్కుగా నమోదు చేయమని దరఖాస్తు కూడా పెట్టాడు. "ఒకలది ముట్టనోడికే, నాది ముట్టొద్దనే నోరుంటాది" అన్నాడు.

ఒక్క పెట్టెకి మాత్రం స్టిక్కరుతోపాటు పాలిష్ కూడా ఊడి, తెల్లటి చదరం మిగిలింది. సిగ్గేసి, మళ్లీ పాలిష్ కొట్టమన్నాను. "ఉండనీ, నీకు పనికొత్తాది" అని దాన్ని మా మందిరానికే ఇచ్చేశాడు.

ఆయన సమాధి కూటంలో అదే పెట్టె పాడింది. ఇప్పుడు ఆ షెడ్డు కూతురిది. కూటంలో తనే రిసీవరు అరలో పెట్టి, వెనక బల్ల మీద, నాన్న చోట్లోనే కూర్చుంది. పునరుత్థానం గురించి చెబుతూ చెబుతూ నేను గొంతు పెంచేశాను. ఆ అమ్మాయి ఒక చెయ్యి ఎర్ర మీట మీద పెట్టి, రెండో చెయ్యి మెల్లగా కిందికి ఊపింది.

తగ్గాను.