సున్నా తీసుకోని ఫారం

ఆ రోజుల్లో నాకు అనుభవం ఒక్కటి తప్ప అన్నీ ఉండేవి. మాస్టర్స్ డిగ్రీ ఉండేది, క్లియరెన్స్ సేల్‌లో కొన్న నల్ల బ్లేజర్ ఉండేది, రూమ్మేట్‌తో వంతులేసుకుని నడిపే పాత కార్ ఉండేది, చదువైపోయాక ఇన్ని రోజుల్లో ఉద్యోగం చూసుకోకపోతే ఇంటికేనని వెనక నుంచి తరిమే ఓపీటీ గడువు కూడా ఉండేది. హ్యూస్టన్‌లో ఏ ఆఫీస్‌కి అప్లై చేసినా మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ ఉందా అని అడిగేవాళ్లు. ఎవరో ఒకరు జాబ్ ఇస్తేనే కదా అది వచ్చేది అని మా కన్సల్టెన్సీ అన్నయ్యకి ఫోన్ చేసి ఏడిస్తే, ఆయన "దానికేముందమ్మా, రెజ్యూమేలో వేసేద్దాం మూడేళ్లు" అన్నాడు, కూరలో ఉప్పు వేసినంత తేలిగ్గా. అలా ఒక్క సాయంత్రంలో మూడేళ్లు పెద్దదాన్నైపోయాను. (మీకు కోపం వస్తోందని తెలుసు. ఇప్పుడు నాకూ వస్తోంది.) ఆ దొంగ మూడేళ్లతోనే చమురు ఓడలకి సరుకులు ఏర్పాటు చేసే ఒక కంపెనీలో చేరాను. చేరి ఏడాది తిరక్కముందే ఒక దేశాన్ని మొత్తం, లంచ్‌కి ముందే, రిజెక్ట్ చేశాను.

ఆ దేశం పేరు చెప్పను. మ్యాప్‌లో వేలు పెడితే వేలి కింద దాక్కునేంత చిన్నది. రెండేళ్ల క్రితమే దాని సముద్రం అడుగున చమురు బయటపడింది. దాన్ని తోడటానికి వచ్చే ఓడకి కావాల్సిన వాటిలో వీలైనన్ని తమ వాళ్ల దగ్గరే కొనాలని అక్కడి ప్రభుత్వం షరతు పెట్టింది. ఎవరెవరు ఏమేం అమ్మగలరో రిజిస్టర్ చేసి పెట్టడం మా పని. మా బాస్ ముప్పయ్యేళ్లు నడిసముద్రంలో చమురు తవ్వే రిగ్గుల మీద బతికి, ఆ మోతకి సగం చెవుడు తెచ్చుకున్న టెక్సస్ పెద్దాయన. ఏ పని చెప్పినా "మండేకల్లా" అంటాడు కాబట్టి మేం మండే మామ అనేవాళ్లం. "చమురంటే పైపులు అనుకుంటున్నావేమో" అని మొదటి వారమే నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. "నడిసముద్రంలో అంతమంది నెలల తరబడి ఉంటారు. వాళ్లకి గుడ్లు కావాలి, తాళ్లు కావాలి, దుప్పట్లు ఉతికేవాళ్లు కావాలి. అవన్నీ హ్యూస్టన్ నుంచే వెళ్తే, ఆ దేశానికి మిగిలేది ఓడ పొగ ఒక్కటే." నేను అన్నీ తెలిసినదానిలా తలూపాను. తలూపడంలో మాత్రం నాకు నిజంగానే చాలా అనుభవం ఉంది.

ఇక్కడి కంపెనీల కోసం ఎప్పుడో తయారుచేసిన ఫారం ఒకటి నాకిచ్చి, "వాళ్లకి సరిపోనివి తీసేసి మండేకల్లా పెట్టు" అన్నాడు. ఏవి సరిపోతాయో ఏవి సరిపోవో నాకేం తెలుసు? అడిగితే మూడేళ్ల గుట్టు బయటపడుతుంది. అందుకని ఏదీ తీయలేదు. పైగా అనుభవజ్ఞురాలినని అనిపించుకోవాలిగా, సముద్రపు చమురు పనుల్లో ఐదేళ్ల అనుభవం లేనివాళ్లకి సిస్టమ్ తనంతట తనే నో చెప్పేలా సెట్ చేశాను. ఆ ఉత్తరం కూడా నేనే రాశాను, నాకొచ్చిన రిజెక్షన్ మెయిల్స్‌లోంచి మంచి వాక్యాలు ఏరుకుని. (ఆ సాహిత్యంలో నన్ను మించినవాళ్లు ఆఫీస్‌లో లేరు.) సోమవారం పొద్దున తొమ్మిదింటికి ఫారం తెరిచాం. పన్నెండయ్యేసరికి చేపలవాళ్లు, లారీలవాళ్లు, వెల్డింగ్ షాపులవాళ్లు, కోళ్లఫారం వాళ్లు, అందరికీ నా మర్యాదపూర్వకమైన ఉత్తరం అందిపోయింది. పాసైంది ఒకే ఒక్కడు, పెళ్లిళ్లకి టెంట్లు వేసే ఆయన. ఆ దేశపు సముద్రంలోనే చమురు పనుల్లో పన్నెండేళ్ల అనుభవం అని రాశాడు. చమురు పడిందే రెండేళ్ల క్రితం! నేను ఆయన పేరు పక్కన పచ్చ టిక్కు పెట్టి, మన స్టాండర్డ్స్ ఎంత గట్టివో అని మురిసిపోయి, డబ్బా తెరిచి పెరుగన్నం తిన్నాను.

మర్నాడు ఒకావిడ ఫోన్ చేసింది. అక్కడ లాండ్రీ నడుపుతోందట. ఆవిడ ముత్తాతలెవరో చెరకు తోటల్లో పనికి ఓడెక్కి వెళ్లిన మనవాళ్లే. ఇంగ్లీష్ ఆ దేశం వాళ్ల యాసలోనే, మధ్యలో "బేటీ" మాత్రం మనది. నేను అలవాటు కొద్దీ ఆంటీ అనేశాను.

"నాకు బట్టలిచ్చే హోటల్ వాళ్లు సొంతంగా మెషిన్లు పెట్టుకున్నారు బేటీ. ఓడ దుప్పట్లు దొరక్కపోతే నేను షాప్ మూసేయాలి. పదకొండు మంది ఆడవాళ్లు పనిచేస్తున్నారు నా దగ్గర. మా సముద్రంలో ఇదే మొదటి ఓడ. ఐదేళ్ల అనుభవం ఎక్కడి నుంచి తెమ్మంటావు?"

అచ్చం నేను కన్సల్టెన్సీ అన్నయ్యని అడిగిన ప్రశ్నే. నా నోట్లోంచి అన్నయ్య సమాధానమే వచ్చింది. "దానికేముంది ఆంటీ, ఐదు అని వేసేయండి." సాయం చేస్తున్నాననే అనుకున్నాను.

అవతల లాండ్రీ మెషిన్ల చప్పుడు వినిపిస్తూనే ఉంది. "నేను దుప్పటి ఉతక్కుండా ఉతికానని ఎప్పుడూ చెప్పలేదు బేటీ" అంది. "నీ ఫారం సున్నా తీసుకోవడం లేదు. దాన్ని బాగుచేయి. అంతే నేనడిగేది." కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

దుప్పట్ల కాంట్రాక్టుకి పేర్లు పంపాల్సింది శుక్రవారం. అంటే నాకు మూడు రోజులున్నాయి. ఆ రాత్రి అన్నం కలుపుతూ మా వరంగల్ రూమ్మేట్‌కి చెప్పాను. "ఇప్పుడు పోయి ఫారం తప్పని చెప్తవా? మూడేండ్లు చేసినదానివి గిదెట్ల తెల్వదని అడుగుతరు. నీ హెచ్‌వన్ వీసా ఫైలింగ్ ఈ నెలనే కదనే!" అంది. అది చెప్పింది తప్పు కాదు. బుధవారం బాస్ తలుపు దాకా వెళ్లి, ప్రింటర్‌లో కాగితాలు సర్ది వచ్చాను. గురువారం కూడా సర్దాను. (ఆ వారం మా ప్రింటర్ అంత సుఖపడింది ఎప్పుడూ లేదు.) శుక్రవారం ఒకే ఒక్క పేరుతో, టెంట్లాయన పేరుతో, లిస్ట్ వెళ్లిపోయింది.

శనాదివారాలు నిద్ర లేక, సోమవారం పొద్దున్నే వెళ్లి మొత్తం చెప్పేశాను, రెజ్యూమేతో సహా. మండే మామ చెవి మిషన్ సవరించుకుని విన్నాడు. "నీ మూడేళ్ల సంగతి నాకు రెండో రోజే తెలుసు. మూడేళ్లు చేసినమ్మాయి, హెలికాప్టర్‌లో వెళ్లాల్సిన రిగ్‌కి బస్సు ఎక్కడ ఎక్కాలని అడగదు" అన్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "ఫారం చూడకుండా సంతకం పెట్టింది నేను. శుక్రవారం లోపు చెప్పి ఉంటే ఆపేవాణ్ణి." వెంటనే ఫోన్లు చేశాడు కానీ, ఓడ వాళ్లు అప్పటికే టెంట్లాయన్ని కలిసి, ఆయన టెంట్లు చూసి, ఈ దేశంలో పని చేయగలవాళ్లు లేరని రాసుకుని, దుప్పట్లని పక్క ద్వీపంలోని పెద్ద లాండ్రీకి ఇచ్చేశారు. నా ఫైలింగ్ అయింది. వీసా లాటరీలో నా పేరు కూడా వచ్చింది. నాకేమీ కాలేదు. ఈ కథలో నేను ఇప్పటికీ సిగ్గుపడేది దానికే.

ఫారం సరిచేసి మళ్లీ తెరిచేసరికి కొన్ని నెలలు పట్టింది. మొదట వచ్చింది లాండ్రీ ఆంటీ అప్లికేషనే. సముద్రపు చమురు పనుల్లో అనుభవం అన్నచోట సున్నా వేసింది. సిస్టమ్ వెంటనే శుభాకాంక్షలు పంపింది. నేను ఎగిరి గంతేసి ఫోన్ చేశాను. ఈసారి వెనక మెషిన్ల చప్పుడు లేదు.

"షాప్ మూసేసి మూడు నెలలైంది బేటీ. నీ ఫారం నిజంగా సున్నా తీసుకుంటుందో లేదో చూద్దామని వేశాను. తీసుకుంది. ఇక కోళ్లఫారం వాళ్లకీ, వెల్డింగ్ వాళ్లకీ ధైర్యంగా చెప్తాను" అంది. ఓడకి గుడ్లు ఇప్పుడు అక్కడివేనట. దుప్పట్లు మాత్రం పక్క ద్వీపానికే వెళ్తున్నాయి.

ఇప్పుడు ఇంటర్వ్యూలు నేనే చేస్తున్నాను. అప్పుడప్పుడు మన పిల్లలు వస్తారు, కొత్త బ్లేజర్‌లో, మూడేళ్ల అనుభవంతో. రెజ్యూమే పక్కన పెట్టి, రిగ్‌కి ఎలా వెళ్తారమ్మా అని అడుగుతాను. బిక్కమొహం వేస్తే నాకు నవ్వొస్తుంది. "సున్నా అని చెప్పమ్మా, పర్లేదు, ఇక్కడ తీసుకుంటాం" అంటాను. ఆ మాట ఆ రోజుల్లో నాకెవరైనా చెప్పి ఉంటేనా అనుకుంటూ కార్ ఎక్కుతాను. సగం దారిలో, చెప్పినా ఆ నల్ల బ్లేజర్ పిల్ల తలూపి ఊరుకునేదే కానీ వినేది కాదని గుర్తొస్తుంది.