తూము మీద మొగిలమ్మ

2005 జనవరి మూడవ తేదీ, సోమవారం. కేసముద్రం వైపు పల్లెల మీద పట్టిన పొగమంచు ప్రొద్దెక్కినా విడలేదు. నేను తెలుగు పాఠాలు చెప్పే ఊరిలో ఆనాడు బడికంటె చెరువుకట్టే నిండుగా ఉన్నది.

వానలు తప్పి చెరువు సగమే నిండింది. ఆ నీరు తూము పక్కనున్న పెద్ద రైతుల పొలాలకే సరి. కాలువ చివరి మడులు ఏటా బీడే. ఊరందరికీ నీరు వదిలే నీరటి మొగిలమ్మ మడి కూడా ఆ చివరనే ఉన్నది. ఆమె చిన్నకొడుకు సారంగపాణి నా పూర్వ విద్యార్థి. అడవిలోని అన్నల్లో కలిసి తుపాకి పడతానని ఇంట్లో పట్టుబట్టాడు. అంతకుముందు ఆ తోవన వెళ్లినవారు శవాలై తిరిగివచ్చారు. ఏ ఉపన్యాసం కంటెను ఆ బీడే వానిని గట్టిగా పిలిచిందని నా నమ్మకం.

మా వైపు తైబందీ అని పాత ఆచారమొకటి ఉన్నది. ఏ సంధికీ లొంగని ఆ మాటను నేను ఏ పాఠంలోనూ ఇమడ్చలేకపోయాను. అది వేరే కథ. నీరు తక్కువైన యాసంగిలో తూము దగ్గరి భూమినే, ఆ ఒక్క పంటకు, అందరూ సమంగా పంచుకొని సాగుచేయాలి. పెద్ద రైతులు దానిని ఎన్నడో మరచిపోయారు. నీరటి తప్ప మరొకరు తూము ఎత్తరాదన్న కట్టుబాటును మాత్రం ఎవరూ మరువలేదు.

మొగిలమ్మ వెళ్లి తూము మీద కూర్చున్నది. "తైబందీ చేస్తెనే ఎత్తుత."

పెద్ద రైతు రాంచందర్ బతిమాలాడు. "లే మొగిలక్కా, నా నారు ఎండుతాంది."

"నా మడి ఎండంగ నువ్వేమన్న ఏడ్చినవా పటేలా?"

"చలికి బిగుసుకపోతవే."

"చాయ్ తెప్పియ్యి. తాగుకుంట కూసుంట."

కట్టంతా నవ్వింది. చాయ్ నిజంగానే వచ్చింది. మధ్యాహ్నానికి రాంచందర్ ఒప్పుకున్నాడు. తూము దగ్గరి భూమిని వంతులుగా కొలవసాగారు.

దూరంగా నిలబడిన కొడుకును మొగిలమ్మ పిలిచింది. "అడివి యాడికి పోదు గని, జర ఈ కొలతాడు వట్టు బిడ్డ."

సారంగపాణి ముఖం ముడుచుకొనే వచ్చాడు. సాయంత్రానికి, జానెడు తేడా వచ్చిందని రాంచందర్‌తో గొంతెత్తి వాదిస్తున్నాడు. మరునాడు తమ వంతు మడిలో నాగలి కట్టాడు. అడవికి వెళ్లలేదు.

నేను హనుమకొండలో స్థిరపడిన చాలా ఏళ్లకు మొగిలమ్మ ఉత్తరం పంపింది:

"సారుకు దండాలు. నేను చెప్తాంటె సారంగపాణి రాస్తాండు. ఇప్పుడు నీరటి వాడే. నాకే ఆలిశంగ నీళ్లిడుస్తాండు. అడిగితె, 'అందరి లెక్కనే నువ్వు, వరుసల ఆగు అవ్వా' అంటాండు. రాంచందర్ పటేల్ చూసి నవ్వుతాండు. వీని పంచాయతి పడలేక నేనే అడివికి పోదామనుకుంటాన. ఈ మాట రాయనని మొండికేస్తె, వీపు మీద ఒక్కటిచ్చి రాయించిన."