లవంగం నానేదాకా

మొన్న పన్ను నొప్పి భరించలేక ఆబిడ్స్‌లో ఒక పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాను. నా ఆఖరి బ్యాచి విద్యార్థుల కన్నా చిన్నవాడు. లవంగ నూనెలో ముంచిన దూది నా దవడ పన్ను మీద అదిమి, "జర సేపు మాట్లాడకున్రి సార్, నూనె లోపలికి దిగాలె" అన్నాడు. జీవితమంతా కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషికి పన్ను పీకించుకోవడం కన్నా కఠినమైన చికిత్స ఇది. కానీ ఆ ఘాటు ముక్కుకు తగలగానే మాట్లాడాలన్న కోరికే పోయింది. ఎదురుగా కమలాబాయి గారు నిలబడి, చేతిలో చిన్న ఇత్తడి డబ్బీతో, "ఊకో, రాజలింగం" అంటున్నట్టే అనిపించింది.

కమలాబాయి గారు నాంపల్లిలో మా సాయంకాలం కాలేజీకి ఇంగ్లీషు శాఖాధిపతి. అరవైల్లో మాట. శాఖ అంటే ఆమె, నేను. నేను చేరకముందు శాఖ అంటే ఆమె ఒక్కతే; అయినా శాఖాధిపతి అనే అనేవారు. పాత హైదరాబాదు కుటుంబం. చాదర్‌ఘాట్ నుంచి రిక్షాలో వచ్చేది. సన్నంచు తెల్లచీర, వాన ఉన్నా లేకపోయినా చేతిలో గొడుగు. ఇంగ్లీషు మాట్లాడితే రేడియోలో వార్తలు చదువుతున్నట్టుండేది. తెలుగు మాట్లాడితే కూరగాయల బండి దగ్గర బేరం చేస్తున్నట్టుండేది. ఆ రెండు గొంతులూ ఒకే మనిషివని నమ్మడానికి నాకు కొంతకాలం పట్టింది.

మా కాలేజీ పగలు చిన్నపిల్లల బడి. సాయంత్రం అదే బెంచీల మీద గన్‌ఫౌండ్రీ ఆఫీసుల గుమాస్తాలు, ఆబిడ్స్ షోరూముల సేల్స్‌మన్లు, దవాఖాన కాంపౌండర్లు వచ్చి కూర్చునేవారు. మోకాళ్లు గడ్డాలకు తగిలేవి. గోడల మీద రంగుల్లో జామపండు, చిలుక, ఒంటె బొమ్మలు. వాటి మధ్య నిలబడి మీసాలున్న మనుషులకు ఆంగ్ల సాహిత్యం బోధించాలి. వాళ్లలో సగానికి పైగా నాకన్నా పెద్దవాళ్లు. అందరూ నన్ను "సార్" అనేవారు. ఆ పిలుపు నాకు తొందరగానే తలకెక్కింది.

నేను ఈ వృత్తిలోకి రావడానికి ప్రేరణ మా నాన్న. ఆయనకు సుల్తాన్ బజార్లో ఇత్తడి, స్టీలు సామాన్ల దుకాణం. నన్ను అక్కడ కూర్చోబెట్టిన రోజుల్లో, ధర చెప్పి ఊరుకోకుండా, గిన్నె గుణగణాలు వర్ణించేవాణ్ణి. వర్ణన పూర్తయ్యేలోగా గిరాకి పక్క దుకాణంలో అలాంటి గిన్నే కొనుక్కుని పోయేవాడు. "నాయనా, మాట్లాడితె జీతమిచ్చే కొలువేదన్న ఉంటె చూస్కో" అన్నాడు మా నాన్న. చూసుకున్నాను. అయితే ఆయన ఒక షరతు పెట్టాడు. "ఒక్క ఏడాది చూస్త. పర్మనెంట్ చేస్తె సరే. లేకుంటె వచ్చి గల్లాకాడ కూసో. గిరాకీలను నేను చూస్కుంట. నువ్వు నోరు మాత్రం తెరవద్దు." ఇరవై నాలుగేళ్ల వయసులో మిగతా జీవితమంతా నోరు తెరవకుండా డబ్బుల పెట్టె పక్కన కూర్చోవడం ఊహించుకుంటే నాకు చెమట పట్టేది.

అందుకే మొదటి పాఠానికి బాగా తయారై వెళ్లాను. గంటసేపు ఆపకుండా మాట్లాడాను. నా వాక్యాలు నాకే ఎంతో నచ్చాయి. కమలాబాయి గారు వెనక బెంచీలో, ఒంటె బొమ్మ కింద కూర్చుని అంతా విన్నది. బయటికొచ్చాక, "ఎలా ఉంది మేడమ్?" అని అడిగాను.

"మస్తు చెప్పినవ్" అన్నది. "అందరికంటె నువ్వే ఎక్కువ నేర్చుకున్నవ్."

నేను థాంక్స్ చెప్పాను. అది మెచ్చుకోలు కాదని ఇంటికి వెళ్లేదారిలో తెలిసింది.

మర్నాడు ఆమె క్లాసులో నేను వెనక కూర్చున్నాను. పాఠం ఒక కథ. పనిమనిషి అద్దం పగలగొట్టి, పారిపోకుండా, ముక్కలు ఒళ్లో పెట్టుకుని యజమానురాలి కోసం ఎదురుచూస్తుంది. కమలాబాయి గారు కథ చదివింది. "ఆమె ఎందుకు పారిపోలేదు?" అని ఇంగ్లీషులో అడిగింది. ఇత్తడి డబ్బీ తెరిచి, ఒక లవంగం తీసి బుగ్గన పెట్టుకుంది. అంతే. ఇక మాట లేదు. క్లాసంతా బల్లల వంక చూస్తోంది. ఎవరో దగ్గారు. బయట రిక్షా గంట మోగింది. నాకు జవాబు తెలుసు. చెప్పకుండా ఉండటానికి బెంచీ అంచు గట్టిగా పట్టుకున్నాను. చివరికి దవాఖానలో పనిచేసే కాంపౌండర్ ఒకతను గొంతు సవరించుకున్నాడు.

"మేడమ్, షి ఈజ్ వెయిటింగ్ ఫర్ తిట్లు. వితౌట్ తిట్లు, నో స్లీప్."

క్లాసు గొల్లున నవ్వింది. ఆమె నవ్వలేదు. లవంగాన్ని ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మార్చి, "గో ఆన్" అన్నది. అతను చెప్పుకుపోయాడు. నవ్వినవాళ్లు అతనితో వాదనకు దిగారు. తప్పు చేసినవాడికి తిట్లు తినేదాకా నిద్ర ఎందుకు పట్టదన్న విషయం మీద, సగం ఇంగ్లీషులోనూ సగం ధైర్యంతోనూ, గంట కొట్టేదాకా మాట్లాడారు. నేను అంతవరకు చదివిన ఏ విమర్శలోనూ ఆ కథ గురించి అంత మంచి మాట లేదు.

ఒక్కటి మాత్రం నాకు నచ్చలేదు. జవాబు చెప్పేవాళ్లెవరూ లేచి నిలబడలేదు. లేవబోయినవాళ్లను కూడా ఆమే చేత్తో కూర్చోమనేది. స్టాఫ్ రూములో అడిగాను.

"క్రమశిక్షణ పోదా మేడమ్?"

"పోనియ్యి. యాడికి పోతది?" అన్నది, చాయ్ సాసర్లో పోసుకుంటూ. ఇంకేమీ వివరించలేదు. ఆమెకు వివరించే అలవాటు లేదు.

నేనూ లవంగాలు కొన్నాను. మొదటి రోజు ప్రశ్న అడిగి, లవంగం నోట్లో వేసుకుని, నిలబడి ఉండలేక కరకరా నమిలేశాను. నాలుక మండి, కళ్లల్లో నీళ్లు తిరిగి, జవాబు నేనే చెప్పేశాను. విద్యార్థులు దాన్ని భక్తిగా రాసుకున్నారు. కమలాబాయి గారికి చెబితే, "నమిలినవా! నమిలేటందుకు కాదు గది. నానాలె. అది నానేదాకా నీకు నోరు లేదనుకో" అన్నది. "అప్పటికీ ఎవరూ మాట్లాడకపోతే?" అని అడిగాను. "ఇంకోటి ఏసుకో."

ఆ నెలల్లో నాకు తెలియకుండానే సాయంత్రాల మీద ఇష్టం పెరిగింది. నాంపల్లి స్టేషన్ ముందు నుంచి నడుస్తూ, ఇవాళ ఏం అడగాలా అని ఆలోచించేవాణ్ణి. ఎవరో ఒకరు గైడులో లేని మాట ఒకటి అనేవారు. ఆ రోజు అన్నం బాగా సయించేది. అయినా ఎక్కువ భాగం నేనే మాట్లాడేవాణ్ణి. అలవాటు అంత తేలిగ్గా పోదు.

క్లాసులో యాదగిరి అని ఒకతను ఉండేవాడు. జనగామ వైపు పల్లెటూరివాడు, ఆబిడ్స్‌లో రెడీమేడ్ బట్టల షోరూములో సేల్స్‌మన్. వచ్చేవాడు, కూర్చునేవాడు, వెళ్లేవాడు. ఏడాదంతా అతని నోట ఒక్క ఇంగ్లీషు ముక్క వినలేదు. నేను అతణ్ణి గోడ మీది చిలుకతో సమానంగా లెక్కపెట్టడం మొదలుపెట్టాను. "వాని సంగతేంది?" అని కమలాబాయి గారు ఒకసారి అడిగింది. "మాట్లాడడు మేడమ్" అన్నాను. "నువ్వు సందియ్యాలె గద" అన్నది.

ఏడాది చివర ప్రిన్సిపాల్ గారు నా క్లాసు చూడ్డానికి వచ్చారు. నన్ను పర్మనెంట్ చేయాలా వద్దా అన్నది ఆ గంటతో తేలుతుంది. ఆయన మొదటి బెంచీలో, ఆ బెంచీకి సరిపడని శరీరంతో, కష్టం మీద ఇరుక్కుని కూర్చున్నారు. కమలాబాయి గారు ఒంటె కింద కూర్చున్నది. పాఠం ఒక పద్యం. రేవులో ఒక ముసలాయన కూర్చుని ఉంటాడు. పడవలు వస్తాయి, పోతాయి. ఆయన దేన్నీ ఎక్కడు. అంతే. గైడులో 'ముసలాయన మానవ జీవితానికి ప్రతీక' అని ఉంది. గైడు ప్రకారం పద్యాల్లో కనిపించే ప్రతి ముసలాయనా మానవ జీవితానికి ప్రతీకే.

దాని మీద నా దగ్గర అద్భుతమైన ఉపన్యాసం సిద్ధంగా ఉంది. పద్యం చదివి, "ఆయన పడవ ఎందుకు ఎక్కలేదు?" అని అడిగాను. ప్రశ్న అలంకారానికే. ఉపన్యాసం మొదలుపెట్టబోతూ తలెత్తితే, వెనక కమలాబాయి గారు డబ్బీ తెరుస్తోంది. ఆమె నా వంక చూడను కూడా లేదు. లవంగం బుగ్గన పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తోంది. నా చెయ్యి జేబులోకి పోయింది.

నేనూ ఒకటి తీసి నోట్లో వేసుకున్నాను. ప్రిన్సిపాల్ గారు గడియారం చూశారు. నన్ను చూశారు. పాఠం మర్చిపోయానేమోనని జాలిపడి, పెదవులతో "గో ఆన్" అన్నారు. నాకు సుల్తాన్ బజారు కనిపించింది. గల్లా కనిపించింది. దాని పక్కన నేను కనిపించాను. లవంగం ఇంకా నానలేదు.

అప్పుడు యాదగిరి లేవబోయాడు. "కూర్చొనే చెప్పు" అన్నాను. నా నోట ఆ మాట ఎలా వచ్చిందో తెలియదు.

"సర్," అన్నాడు, బల్ల వంకే చూస్తూ. "హాలీడే డే, ఐ యామ్ గోయింగ్ నాంపల్లి స్టేషన్. సిట్టింగ్ ఆన్ బెంచి. నో జర్నీ, సర్. ట్రెయిన్ కమింగ్, ట్రెయిన్ గోయింగ్. ఐ యామ్ హ్యాపీ."

పక్కనున్న గుమాస్తా నవ్వాడు. "టికెట్ లేకుంటె పట్టుకపోతరు బిడ్డా!"

"ప్లాట్‌ఫారమ్ టికెట్ కొంటనే" అన్నాడు యాదగిరి కోపంగా. మళ్లీ నా వైపు తిరిగాడు. "షాపుల, ఆల్ డే స్టాండింగ్, సర్. ఓనర్ సేయింగ్, డోంట్ సిట్. స్టేషన్‌ల నోబడీ సేయింగ్ గెట్ అప్. ఓల్డ్ మ్యాన్ ఆల్సో, సర్… ఆల్ హిజ్ లైఫ్ స్టాండింగ్. నౌ హి వాంట్ సిట్టింగ్ ఓన్లీ."

నేను లవంగాన్ని ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మార్చాను. ఆమె ఎందుకలా మారుస్తుందో ఆ క్షణంలో తెలిసింది: గొంతులో ఏదో అడ్డం పడినప్పుడు నోటికి ఒక పని కావాలి. ఆమె వాళ్లను కూర్చోబెట్టే ఎందుకు మాట్లాడిస్తుందో కూడా తెలిసింది. ఇక క్లాసు నా చేతుల్లో లేదు. ముసలాయన ఏ పని చేసి ఉంటాడని ఒకరు, పెళ్లాం ఏమైందని ఒకరు, పింఛను వస్తుందా అని ఒకరు. గంట కొట్టినా ఎవరూ లేవలేదు. ప్రిన్సిపాల్ గారు లేవాలనుకున్నారు గానీ బెంచీ వదల్లేదు. ఇద్దరు సాయం పట్టాల్సి వచ్చింది.

తన గదిలో ఆయన చాలా మర్యాదగా మాట్లాడారు. "విషయ పరిజ్ఞానం ఉండవచ్చు. కానీ అధ్యాపకుడు మరీ తక్కువ మాట్లాడుతున్నాడు." నా జీవితంలో నా మీద ఆ ఆరోపణ చేసిన మనిషి ఆయన ఒక్కరే.

"నిజమే సార్, ఆయన మాట్లాడలే" అన్నది కమలాబాయి గారు. "యాదగిరి మాట్లాడిండు. మనం కాలేజి పెట్టింది ఎవరు మాట్లాడేటందుకో జర చెప్పున్రి."

ఆయన ఆలోచించారు. అందరికీ న్యాయం జరిగేలా, అంటే ఎవరికీ పూర్తిగా జరగకుండా, నన్ను ఇంకో ఏడాది తాత్కాలికంగానే ఉంచుతామన్నారు.

షరతు ప్రకారం నేను ఓడిపోయాను. ఆ సాయంత్రమే దుకాణానికి వెళ్లి మా నాన్నకు జరిగింది చెప్పాను. ఆయన ఒక బిందె తుడుస్తూ విన్నాడు.

"అడిగి ఊకున్నవా? నువ్వా?"

"ఔ."

"పెద్దసారు ముంగట కూసున్నా ఊకున్నవా?"

"ఔ నాన్నా."

"మరి గిరాకి మాట్లాడిండా?"

"మాట్లాడిండు."

మా నాన్న బిందె కింద పెట్టాడు. "గట్లయితె నువ్వు దుకాణానికి పనికొస్తవ్" అన్నాడు. గల్లా వైపు చూశాడు, నా వైపు చూశాడు. "కానీ ఇంకో ఏడాది ఆడనే చూడు."

మా నాన్న నన్ను మెచ్చుకోవడం అది మొదటిసారి. రెండోసారి రాలేదు, నేనూ ఆశించలేదు. మరుసటి ఏడు ప్రిన్సిపాల్ గారు మళ్లీ వచ్చారు, ఈసారి తన కుర్చీ తెప్పించుకుని. క్లాసు ఎంత మాట్లాడిందంటే నేను మాట్లాడానో లేదో ఆయనకు గమనించే వీలు చిక్కలేదు. పర్మనెంట్ అయ్యాను.

డెబ్బైల్లో కమలాబాయి గారు రిటైరయ్యింది. వీడ్కోలు సభకు పాత విద్యార్థులు చాలామంది వచ్చారు. యాదగిరి కూడా. అప్పటికి గన్‌ఫౌండ్రీలో ఒక ఆఫీసులో క్లర్కు. "ఇప్పుడు రోజంత కూసునుడే సార్, నడుము నొస్తుంది" అని ఫిర్యాదు చేశాడు. అందరూ ఆమెను పొగిడాక, ఆమెను మాట్లాడమన్నారు. ఆమె మైకు ముందుకు వచ్చింది. "మనం ఇక్కడ ఏం నేర్చుకున్నాం?" అని ఇంగ్లీషులో ఒక్క ప్రశ్న అడిగింది. డబ్బీ తెరిచింది.

ఆమె ప్రసంగం మర్చిపోయిందనుకుని ప్రిన్సిపాల్ గారు మంచినీళ్లు అందించబోయారు. "ఆగండి సార్" అన్నాను. ఆగారు. సభంతా ఆగింది. తర్వాత వెనక నుంచి ఎవరో మొదలుపెట్టారు, కూర్చునే. తర్వాత ఇంకొకరు. ఎవరు ఏమన్నారో ఇప్పుడు గుర్తులేదు. ఆ ఇంగ్లీషులో తప్పులుండే ఉంటాయి. దీపాలు వెలిగించేదాకా వాళ్లే మాట్లాడారు. ఆమె ఒక్క మాట కూడా అనకుండా దిగి వచ్చింది.

రిక్షా దాకా వెంట వెళ్లాను. "కళ్లల్లో నీళ్లేంటి మేడమ్?" అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది, నేను పూర్తిగా బాగుపడలేదు.

"ఏం లేదు. లవంగం జర ఘాటుగున్నది" అన్నది.

ఆ తర్వాత కొన్నేళ్లకే ఆమె పోయింది. నా చొక్కా జేబులో ఇప్పటికీ నాలుగు లవంగాలుంటాయి. చొక్కాలు పోపుల డబ్బా వాసన వేస్తున్నాయని మా ఆవిడ విసుక్కుంటుంది. ఇంట్లో ఎవరైనా ఏదో చెప్పాలని వచ్చి చెప్పలేక నిలబడినప్పుడు ఒకటి తీసి బుగ్గన పెట్టుకుంటాను. ఎప్పుడో ఒకప్పుడు చెబుతారు.

డాక్టరు దూది తీసి, "ఇప్పుడెట్లుంది సార్?" అని అడిగాడు. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. అతను రెండోసారి అడగలేదు. పనిముట్టు చేత్తో పట్టుకుని, తొందరపడకుండా ఆగాడు. తర్వాత నా కళ్లు చూసి కంగారుపడ్డాడు.

"నొస్తుందా సార్?"

"లేదు నాయనా" అన్నాను. "లవంగం జర ఘాటుగున్నది."