నాలుగో పలక

1962 డిసెంబరు 2, ఆదివారం. రేవులో ఉన్నవాళ్లు: సైదయ్య తాత, రమణమ్మ నాయనమ్మ, వెంకటేశ్వర్లు బాబాయి, రెంటచింతల నుంచి వచ్చిన మెకానిక్ జోజప్ప మామ, నేను.

నేను డైరీ రాయడం మొదలుపెట్టిన నోటుపుస్తకంలో ఆ రోజు పేజీ ఇలా మొదలవుతుంది. ఇన్నేళ్ల తర్వాత, నిన్న సాయంత్రం కరెంటు పోయి మా అపార్ట్‌మెంటు కింద జనరేటరు వేశారు. కాలిన డీజిలు వాసన వంటింటి కిటికీలోంచి వచ్చి గదంతా నిండింది. కిటికీ మూయబోయి మూయకుండా నిలబడ్డాను. తర్వాత అట్టపెట్టె దించి, అడుగున ఉన్న ఆ పుస్తకం తీశాను.

మాది గురజాల తాలూకాలో కృష్ణ ఒడ్డు ఊరు. తాతది తెరచాప పడవ. తుమ్మచెక్క కషాయంలో ముంచి ముంచి ఎర్రబడిన చాప, చేపనూనె పట్టించిన అడుగు, పక్కలకు కింది నుంచి పైకి ఐదేసి పలకలు. వానాకాలం ఎర్రటి వరద వచ్చి రేవు మెట్లు మునిగిపోతే పడవను ఒడ్డుకు లాగి కట్టేసి తాత రోజుల తరబడి చుట్ట కాలుస్తూ నీళ్ల వంక చూస్తూ కూర్చునేవాడు. చలికాలం నీళ్లు తేటపడి, పొద్దున్నే పొగమంచులో అవతలి గట్టు కనపడక, నల్లగొండ వైపు నుంచి ఎవరో కేకేస్తే ఆ కేకను బట్టి పడవ నడిపేవాడు. ఎండాకాలం నది సన్నబడి, ఇసకలో వేసిన దోసపాదుల మధ్య మేం తొక్కుడుబిళ్ల ఆడుకుంటుంటే, నాయనమ్మ జొన్నరొట్టెలో గోంగూర పచ్చడి చుట్టి గట్టు మీద నుంచే పిలిచేది. తొలి ఏకాదశికి పేలపిండి, క్రిస్మసుకు జోజప్ప మామ ఇంటి నుంచి తువ్వాలు కప్పిన పళ్లెంలో అరిసెలు. రోజూ పొద్దున తాత దోసెడు నీళ్లు కళ్లకద్దుకుని, పడవ ఐదో పలకను అరచేత్తో ఒకసారి తాకి, అప్పుడు తాడు విప్పేవాడు. ఆ పలక టేకుది, తన తండ్రి వేయించింది.

నేనప్పుడు ఆరో తరగతి. పడవ ఎక్కినవాళ్లనూ, గాలినీ, నీళ్లు ఏ పలక దాకా వచ్చాయో కూడా రాసేదాన్ని. మా ఇంట్లో చదవడం వచ్చింది నాకొక్కదానికే.

ఇంజను లేని పడవకు ఇకమీదట రేవు నడిపే హక్కు ఇచ్చేది లేదని పంచాయతీ సమితి వాళ్లు చెప్పాక, తాత ఒక రైతు బావి దగ్గర మూలపడ్డ డీజిలింజను తెచ్చి పడవలో పెట్టించాడు. దాని పొగగొట్టం నిటారుగా పైకి ఉండేది. రెండేళ్లకు అది తుప్పు పట్టి చిల్లులు పడింది. పొగ ఆడవాళ్ల మొహాల మీదికే వచ్చేది. నిప్పురవ్వ పడి చాపకు అరచేయంత బెజ్జం పడింది. ఒకరోజు సమితి ఓవర్సీరు పడవలోంచి దగ్గుతూ దిగి, "వచ్చే సోమవారం సంత పడవలో మళ్లీ వస్తాను పెద్దాయనా. ఇట్లాగే ఉంటే రేవు ఇంకొకరికి పోతుంది" అని చెప్పి వెళ్లాడు. తాత ఆ రోజు అన్నం తినలేదు.

ఆదివారం చర్చిలో పూజ చూసుకుని జోజప్ప మామ సైకిలు మీద వచ్చాడు. పాత గొట్టం బోల్టులు తుప్పుతో అతుక్కుపోయి ఉంటే కిరోసిను పోసి నానబెట్టి, ఉలి పెట్టి కొట్టాడు. గొట్టం పెచ్చులు పెచ్చులుగా ఊడి వచ్చింది. కొత్తదానికి పాత బోరు గొట్టం ముక్క తెచ్చాడు. ఈసారి పైకి కాదు, పడవ ఎడమ పక్కకు తిప్పి, పలకకు బెజ్జం పెట్టి, పొగను నీళ్ల మీదికి వదలాలన్నది ఆలోచన. చెక్క కాలకుండా గొట్టం చుట్టూ రాతినార తాడు చుట్టాడు.

బెజ్జం ఏ పలకకు పెట్టాలన్న దగ్గర పని ఆగింది.

"ఐదో పలకకు పెడదాం మామా, ఎత్తుగా ఉంటది" అన్నాడు జోజప్ప మామ తాతతో.

"ఆ పలక మీద చెయ్యెయ్యమాక. నాలుగోదానికి పెట్టు."

"అట్టయితే ఇరవై బస్తాలు ఎక్కించి చూపియ్. బరువుకు నీళ్లు యాడికొస్తయ్యో చూసి పెడతా."

నాయనమ్మ అడ్డుపడింది. పడవకు కొత్త ఇనుము తగిలించిన రోజు, మర్నాడు కొబ్బరికాయ కొట్టేదాకా సరుకు గానీ జనం గానీ ఎక్కకూడదు. ఆ ఆచారం మా తాత తాతల నాటిది. "నీ గుళ్లో నీకున్నట్టే మాకూ ఉంటయ్ రా జోజప్పా" అంది.

"సరే అత్తా, కాయ నువ్వు కొట్టు, తిట్లు నేను తింటా" అని నవ్వి, తాత వైపు తిరిగాడు. "నిండా ఎక్కితే ఎందాకా వస్తయ్?"

"మూడో పలక దాటవు. నలభై ఏళ్లబట్టి చూస్తన్నా."

జోజప్ప మామ గట్టు మీద ఉన్న నన్ను చూశాడు. "మంగా, నువ్వు రాత్తావు గదా. చూడు, నీ పుస్తకంలో ఏమన్నా ఉందేమో."

పుస్తకం నా ఒళ్లోనే ఉంది. కిందటి సంత రోజు పేజీలో నా రాతే ఉంది: నీళ్లు నాలుగో పలక సగానికి వచ్చాయి. తాత చెప్పిన లెక్క ఇంజను బరువు లేనప్పటిది. తాత నా వంక చూడలేదు, చుట్ట వెలిగించుకుంటున్నాడు. నలుగురిలో ఆయన మాట కాదనడానికి నాకు నోరు రాలేదు.

"లేదు మామా" అన్నాను.

నాలుగో పలకకు పైఅంచు దగ్గరగా బెజ్జం పెట్టారు.

సోమవారం కాయ కొట్టారు. జొన్న బస్తాలు, ఎవరి ఇంటికో నాపరాళ్లు, మేకలు, సంతకు పోయే ఆడవాళ్లు, బస్తా మీద తువ్వాలు పరుచుకుని ఓవర్సీరు. బాబాయి హ్యాండిలు తిప్పగానే ఇంజను అందుకుంది. పొగ నీళ్ల మీద తెల్లగా పాకుతూ వెనక్కి పోయింది. "ఇప్పుడు బాగుంది పెద్దాయనా" అన్నాడు ఓవర్సీరు. తాత మీసం దువ్వుకోవడం నేను చూశాను. తర్వాత ఎడమ పక్కకు వంగి చూశాను. నీళ్లు నాలుగో పలక సగం దాటి ఉన్నాయి. గొట్టం మూతికీ నీళ్లకూ నాలుగు వేళ్ల ఎడం.

సంత ఊరు అవతలి గట్టున, ఎగువన రెండు మైళ్లు. సగం దూరంలో ఈశాన్యపు గాలి అందింది. గాలి దొరికితే ఇంజను ఆపి చాప ఎత్తడం తాత అలవాటు. ఆపారు, ఎత్తారు. చాప నిండి పడవ ఎడమకు ఒరిగింది. గొట్టం మూతి మునిగి, నాలుగైదు బుడగలు వచ్చి ఆగిపోయాయి.

"తాతా, గొట్టం మునిగింది."

"ఇంజను ఆపాం గదమ్మా. ఇప్పుడు దానికేం పని."

అవతలి గట్టు దగ్గర గాలి పడిపోయింది. బాబాయి హ్యాండిలు వేస్తే కదల్లేదు. ఇంకో ఇద్దరు కలిసి బలంగా తిప్పారు. లోపల ఎండు కట్టె విరిగినట్టు చప్పుడైంది. గొట్టంలోంచి నీళ్లెక్కి నిండిన ఇంజనును బలవంతాన తిప్పితే లోపలి కడ్డీ వంగిపోతుందని అక్కడ ఎవరికీ తెలియదు. గెడలు అడుగుకు అందలేదు. సరుకుతో, మేకలతో, మాతో పడవ మెల్లగా దిగువకు కొట్టుకుపోయి, మా ఊరు కూడా దాటి ఇసక మేటకు తగులుకుంది. ఓవర్సీరు మోకాళ్ల దాకా తడిసి ఒడ్డెక్కి, జేబులోంచి పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు.

సంక్రాంతి లోపలే రేవు వేరేవాళ్లకు పోయింది. గొట్టం కిందకు పెట్టింది జోజప్పేనని ఊరంతా అన్నారు. నది మీద పని ఆయనకు మళ్లీ ఎవరూ ఇవ్వలేదు. ఆ క్రిస్మసుకు అరిసెల పళ్లెం రాలేదు, ఆ తర్వాతా రాలేదు. పడవ ఇసకలోనే ఎండి, పగిలి, పలకలు ఒక్కొక్కటే పొయ్యిలోకి పోయాయి. టేకు పలక ఆఖరున పోయింది. పోస్టాఫీసు ఉద్యోగంలో ఉండగా ఒకసారి ఓడరేవులో చేపల బోట్లు చూశాను. వాటి పొగగొట్టాలు నీళ్లు వెనక్కి రాకుండా లోపల కొంగమెడలా పైకెత్తి, ఆ తర్వాత బయటికి వదిలి ఉన్నాయి. ఇప్పుడు మా ఊళ్లో రేవు లేదు, మెట్లు లేవు, పడవ కేక వేసేవాళ్లు లేరు. తాత, బాబాయి, జోజప్ప మామ ఎవరూ లేరు. పుస్తకం ఉంది.

మంగళవారం పొద్దున సంగతి మాత్రం అందులో లేదు. ఇప్పుడు రాస్తున్నాను. సరుకు దించేసిన పడవ ఇసక పక్కన తేలిగ్గా నిలబడి ఉంది. నీళ్లు రెండో పలక దగ్గరే ఉన్నాయి. తాత మోకాటి లోతు నీళ్లలో నిలబడి, నాలుగో పలక మీద నీళ్లు నిలిచిన గుర్తుగా ఎండిన బురద చారను బొటనవేలితో తడుముతున్నాడు. నన్ను చూసి పిలిచాడు.

"మంగా, పోయిన వారం సంతకు నీళ్లు ఎందాకొచ్చినయ్యో రాశావా? తప్పు జోజప్పదో నాదో తెలవాల. నాదయితే పోయి వాడితో చెప్పొత్తా."

పుస్తకం నా చంకలో ఉంది.

"రాయలేదు తాతా."

"మరి రోజూ కూర్చుని ఏం రాత్తావే" అని, తువ్వాలు తడిపి ఆ చారను తుడిచేశాడు.