నా చేతిని తెల్లగా చేయని ఫోను

మా వీధిలో నా పాత ఫోను మీద జోకు వేయని మనిషి లేడు. అద్దం మీద ఈ మూల నుంచి ఆ మూలకు గీత, వెనక మూత ఊడిపోకుండా రబ్బరు బ్యాండు. "గా డబ్బను ఇంక ఎన్నొద్దులు మోస్తవే?" అని పక్కింటామె కనబడినప్పుడల్లా అడిగేది. నాకేం సిగ్గనిపించలేదు. ఏడాదికో ఫోను మార్చేవాళ్ళని నేను బోలెడు మందిని చూశాను. ఏ ఫోను గుణమేమిటో వాళ్ళలో ఒక్కరికీ తెలియదు. నా ఫోను గుణం నాకు తెలుసు.

మాది గద్వాల. మా ఆయన గుంట మగ్గం మీద చీరలు నేస్తాడు. ఒంటికి నూలు, అంచుకూ కొంగుకూ పట్టు. నేను కండెలు చుడతాను, పడుగుకు గంజి పెడతాను, కొన్నేళ్ళుగా నేసిన చీరల్ని ఫోనులోనే అమ్ముతున్నాను. మధ్యలో నూలిచ్చి కూలికి నేయించుకునే సావుకారి లేడు. పొద్దున వెలుగు గడప దాటి లోపలికి వచ్చే వేళకు చీర పరిచి, ఫోటో తీసి, మా దగ్గర కొనేవాళ్ళందరికీ పంపుతాను. నచ్చినవాళ్ళు చెప్తారు, నేను పార్శిల్ కడతాను. వాళ్ళు నన్ను చూడలేదు, నేను వాళ్ళని చూడలేదు. వాళ్ళకు తెలిసింది నా ఫోటో ఒక్కటే. అది నిజం చెప్తే నేను మంచిదాన్ని, అబద్ధం చెప్తే నేను దొంగను.

ఆ పాత ఫోను నిజం చెప్పేది. ఇంకా చెప్పాలంటే కాస్త తక్కువ చేసి చెప్పేది. జరీ మెరుపు దానికి పూర్తిగా అందేది కాదు. అదే నాకు కలిసొచ్చింది. పార్శిల్ విప్పిన మనిషి కళ్ళకు చీర ఫోటో కన్నా ఒక పిసరు ఎక్కువే కనబడేది. వెంటనే ఫోను చేసి "ఫోటోల కంటె మంచిగున్నదమ్మా" అనేవాళ్ళు. ఆ మాట విన్న రోజు నాకు అన్నం కూడా ఒక ముద్ద ఎక్కువే సహించేది.

మా దగ్గర కొనేవాళ్ళలో అందరికన్నా గట్టి మనిషి నాగర్‌కర్నూల్ టీచరమ్మ. ఉద్యోగం నుంచి రిటైరైంది కానీ గొంతు రిటైరు కాలేదు. ఏది పంపినా వంక వెతికేది, ఏ వంకా దొరక్క ఉంచుకునేది. ఒకరోజు తనే ఫోను చేసి, "మా బిడ్డకు సంబంధం కుదిరింది. పెండ్లి చీరలన్ని నీ దగ్గర్నే తీస్కుంట. పిల్లది, వియ్యపురాలిది, ఆడబిడ్డలయి, అందరియి" అంది. నేను ఫోను పెట్టేసి మా ఆయన మగ్గం దగ్గరికి పరుగున వెళ్ళి చెప్పాను. ఆ చీరలన్నీ మావే అయితే ఇక సావుకారి గుమ్మం తొక్కే పనే లేదు. ఆ రోజు మగ్గం చప్పుడు హుషారుగా ఉంది.

సరిగ్గా అప్పుడే నా ఫోను గంజిలో పడింది. పడుగుకు పెట్టడానికి కాచి చల్లార్చిన గంజి, నిండుగా గంగాళం. నేను వంగాను, జాకెట్లో దోపుకున్న ఫోను జారింది, బుడుంగుమంది. తీసి తుడిచి, బియ్యంలో పెట్టి, ఎండలో పెట్టి, దేవుడికి దండం కూడా పెట్టాను. బాగుచేసే అబ్బాయి మూత తెరిచి చూసి నవ్వాపుకుంటూ, "లోపలంత అప్పడం అయిందమ్మా" అన్నాడు.

మా బిడ్డకు వనపర్తిలో కొత్తగా ఉద్యోగం. ఈ సంగతి విని, మొదటి జీతంలో నాకు ఫోను కొని తెచ్చింది. ఎంత పెద్దదో! వెనక మూడు కళ్ళు. మా ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకుని చూశాడు. దాంతో తీసిన మొదటి ఫోటో చూసి వీధి వీధంతా నోరెళ్ళబెట్టింది. రంగులు కేకలు పెడుతున్నాయి, జరీ భగభగమంటోంది. నిజం చెప్పొద్దూ, ఆ రోజు నేను కూడా పొంగిపోయాను. పక్కింటామె మొదటిసారి నా ఫోనును చూసి కుళ్ళుకుంది. ఆ ముచ్చట కూడా తీరింది.

అదే ఊపులో వంకాయ రంగు చీర ఒకటి ఫోటో తీసి టీచరమ్మకు పంపాను. పెళ్ళి చీరలకు ముందు తనకోసం ఒకటి కావాలంది. నిలువు దారం పడుగు ఎరుపు, అడ్డదారం పేక నీలం, రెండూ కలిసి వంకాయ అవుతుంది. ఆమె చూసీ చూడగానే "పంపు" అంది. పంపాను. చీర చేరిన రోజు ఫోను మోగింది.

"ఏమమ్మా, ఫోటోల నీలం చీర చూపిచ్చి వంకాయది పంపినవేంది?"

"గదే చీర మేడం."

"నా కండ్లు గింత పోలేదు. నువ్వు మోసం చేసినవని అంటలేను. చీర వాపసు గూడ పంపను, కట్టుకుంట. గాని పెండ్లి చీరలు ఫోటో చూసి తీస్కునెటందుకు నాకు ధైర్యం వస్తలేదు. హైదరాబాద్ పోయి షాపులనే చూస్తం."

ఆమె తిట్టినా నాకు బాగుండేది. మోసమని అనడం లేదు అన్న మాటే నా గుండెలో గుచ్చుకుంది. ఫోనులో ఆ ఫోటో తెరిచి చూశాను. నిజమే, నెమలిపింఛం లాంటి నీలం. ఎరుపు మొత్తం ఎటు పోయిందో పోయింది. మా ఆయన పేక వేసిన శ్రమంతా కనబడుతోంది, పడుగు మాత్రం మాయం. నాకు ఒళ్ళు మండిపోయింది. నా చీరకు లేని అందం పెట్టమని దీన్ని ఎవరడిగారు? ఉన్న అందం చాలదా? సంగతంతా విని మా ఆయన, "సావుకారి కాడికి పోయొస్త మల్ల" అని ఒక్క మాట అన్నాడు. ఆ మాట నేను చచ్చినా ఒప్పుకోనన్నాను.

ఆదివారం మా బిడ్డ వచ్చింది. ఫోను తీసుకుని "గిది బంద్ చేసిన, గది బంద్ చేసిన, ఇప్పుడు తియ్" అంటూ ఏవేవో నొక్కింది. పొద్దున ఇంట్లో ఉన్న ఇంకో వంకాయ చీరను తీస్తే వంకాయే వచ్చింది. హమ్మయ్య అనుకున్నాం. మధ్యాహ్నం తీస్తే మళ్ళీ నీలం.

"దానికి నచ్చినట్టు గాదు, ఉన్నది ఉన్నట్టు చూపియ్యమను దాన్ని" అన్నాను.

పిల్ల మొహం చిన్నబోయింది. "ఎంత మనసుపడి తెచ్చిన్నో తెల్సా నీకు?"

"తెల్సు బిడ్డా. గందుకే చెప్తున్న, గిది నువ్వు వాడుకో. నీ మొకానికి మంచిగుంటది. నా చీరకు పనికి రాదు."

ఉక్రోషంగా చూసింది, తర్వాత నవ్వేసింది. "అయితే పా, నీ చీరకు ఫోను చూద్దాం" అని తనే చెప్పులేసుకుంది.

ఇంట్లో ఉన్న ఆ చీర కూడా, టీచరమ్మకు పంపిన చీర ఏ పడుగు మీద నేసిందో, దాని మీదే నేసింది. అదే రంగు, అదే అంచు, ఒక తల్లి బిడ్డలు. దాన్ని సంచిలో పెట్టుకుని బస్టాండు దగ్గరి ఫోన్ల దుకాణానికి వెళ్ళాం. అద్దాల బల్ల మీద చీర పరిచేసరికి దుకాణమతను కంగారుపడ్డాడు.

"పెద్దమ్మా, గిది ఫోన్ల దుకాణం."

"తెల్సు నాయనా. నేను ఫోను నా కోసం కొంటలేను, గీ చీర కోసం కొంటున్న. ఉన్నయన్ని తియ్."

మొదట అన్నిటికన్నా ఖరీదైంది తీశాడు. చీర ఒక కొస నేను చేత్తో పట్టుకుంటే మా బిడ్డ ఫోటో తీసింది. ముగ్గురం గుమ్మం దగ్గరికి వెళ్ళి వెలుతురులో చూశాం. చీర సంగతి తర్వాత, ముందు చీరను పట్టుకున్న చేయి చూసి నేను అదిరిపడ్డాను. నలుగు పెట్టుకున్న పెళ్ళికూతురు చేయిలా తెల్లగా, నున్నగా ఉంది.

"గీ చెయ్యి ఎవర్దే?" అన్నాను.

అప్పుడు తట్టింది నాకు. చీర రంగు దగ్గర కళ్ళు మోసపోవచ్చు, ఇది వంకాయా, ఊదానా అని వాదించుకోవచ్చు. నా చేయి నాకు తెలియదా? పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను. నల్లటి చేయి. చూపుడు వేలి పక్కన దారం కోసిన గాట్లు. గోళ్ళ చుట్టూ గంజికి పగిలిన చర్మం. నా చేతిని మార్చిన ఫోను నా చీరను ఊరికే వదులుతుందా? ఇక చీర వంక చూడడం మానేశాను. తీసిన ప్రతి ఫోటోలో నా చేయి ఎక్కడుందని వెతకడమే.

ఒక ఫోను నా గాట్లు మాయం చేసింది. ఒకటి నా చేతిని గులాబీ రంగు చేసింది. ఇంకొకటి నన్ను పదహారేళ్ళ పిల్లను చేసింది. "గిది ఉంచుకోయే అమ్మా, నాయిన మురుస్తడు" అని మా బిడ్డ ఆటపట్టించింది. దుకాణంలోకి వచ్చినవాళ్ళు కొనడం మర్చిపోయి మా చుట్టూ మూగారు. దుకాణమతనికీ పట్టుదల పెరిగింది. కంగారు పోయి, ఒక్కో డబ్బా విప్పుతూ "గిది చూడున్రి, గిది చూడున్రి" అంటున్నాడు. కర్ణాటక సరిహద్దు ఊరి నుంచి వచ్చిన ఒకామె నా చేతి పక్కన తన చేయి కూడా పెట్టి ఫోటో తీయమంది.

చివరికి కింది అరలో, మూలకు తోసేసిన ఒక చిన్న డబ్బా తీశాడు. "గిది ఎవ్వరు తీస్కుంటలేరు పెద్దమ్మా. ఫోటోలు సాదాగ వస్తయి" అని ముందే చెప్పాడు. మా బిడ్డ తీసింది. గుమ్మం దగ్గరికి వెళ్ళాం. నా చేయి! నల్లగా, గరుకుగా, గాట్లతో సహా నా చేయే. దాని కింద వంకాయ రంగు, ఎరుపు ఎరుపుగా, నీలం నీలంగా, రెండూ కలిసిన చోట కలిసినట్టుగా. జరీ మాత్రం కాస్త మందగించింది. నాకు కావలసిందీ అదే. కర్ణాటకామె తొంగి చూసి "చెన్నాగిదె, చెన్నాగిదె" అని కన్నడంలో మెచ్చుకుంది. కడుపు నిండినట్టయింది నాకు.

డబ్బా మీద పేరు చదివి మా బిడ్డ తల కొట్టుకుంది. అది నా పాత ఫోను కంపెనీయే. "గింత తిరిగి మల్ల గదే కంపెనీనా?" అంటే దుకాణమతను, "మీకు గా కంపెనీ అంటె గంత ఇష్టమా పెద్దమ్మా?" అని అడిగాడు. కంపెనీ ఎవరిదో, ఏ దేశంలో ఉందో నాకు తెలియదు. వాళ్ళకు నేను తెలియను. కానీ అక్కడ ఎవరో ఒకరు కూర్చుని, ఉన్న రంగును ఉన్నట్టు వదిలేద్దామని అనుకుని ఉంటారు కదా. వాళ్ళెవరైనా సరే, ఆ పద్ధతి మార్చనంత కాలం నేను వాళ్ళ మనిషినే. మిగతావాళ్ళు ఎందుకు ఏ ఫోను కొంటారో నాకు తెలియదు. కొందరు పక్కవాళ్ళకు చూపించడానికి, కొందరు తమను తాము అందంగా చూసుకోవడానికి కొంటారేమో. నేను నా మొగుడి నేత తలెత్తుకుని నిలబడడానికి కొన్నాను. ఫోను చీరకన్నా ఒక మెట్టు కిందే ఉండాలి. చీరను మించిన ఫోను నాకు వద్దు.

ఇంటికి వచ్చి, గడప దగ్గర ఆ చీర పరిచి, అంచు మీద నా చేయి పెట్టి ఫోటో తీశాను. టీచరమ్మకు పంపి మాట రికార్డు చేశాను. "మేడం, మీ దగ్గరున్న చీరకు ఇది తోడబుట్టిన చీర. ఒకటే పడుగు. మీ చీర పక్కకు ఫోను పెట్టుకోని చూడున్రి. ఆ చెయ్యి నాదే." వాదన పెట్టుకోలేదు, బతిమాలలేదు. ఆమె చూసినట్టు మెసేజి కింది టిక్కులు నీలంగా మారాయి. జవాబు మాత్రం రాలేదు.

ఆ తర్వాత రోజుల్లో నాతో మాట్లాడినవాళ్ళదే తప్పు. కండె చుడుతుంటే దారం తెగితే దారాన్ని తిట్టాను, మా ఆయన నీళ్ళు అడిగితే ఆయన్ని తిట్టాను. మగ్గం మీద పడుగు అయిపోవచ్చింది. తర్వాత ఏ రంగు ఎక్కించాలో తెలియదు. ఆయన చొక్కా వేసుకుని సావుకారి దగ్గరికి బయల్దేరబోతుంటే తువ్వాలు పట్టుకుని లాగి, "ఇంకొక్క దినం ఆగు" అన్నాను. ఆగి, మళ్ళీ మగ్గం గుంటలోకి దిగాడు.

మర్నాడు పొద్దున మా ఇంటి ముందు ఆటో ఆగింది. పొడవాటి మనిషి దిగింది, వెనకే ఒక అమ్మాయి. నేను వాళ్ళను ఎప్పుడూ చూడలేదు. కానీ ఆమె కట్టుకున్న వంకాయ రంగు చీరను ఎక్కడున్నా గుర్తుపడతాను. కూర్చోమన్నా కూర్చోలేదు. "నేసెటాయన ఏడి?" అని అదే గొంతుతో అడిగి నేరుగా మగ్గం దగ్గరికి నడిచింది.

"ఏమయ్యా, నువ్వేనా నేసేది? నా చీర పక్కకు మీ ఆమె పంపిన ఫోటో పెట్టుకోని చూసిన. మా బిడ్డకు గూడ చూపిచ్చిన. రంగు ఒక్కటే. చీరనే జర ఎక్కువ మంచిగున్నది. ఏ షాపుకు పోతలేం. పిల్లదాని చీర నీ కాడ్నే నేపిచ్చుకుందామని వచ్చినం."

నా కళ్ళు నిండాయి, కానీ నేను మా ఆయన్నే చూస్తున్నాను. ఇన్నేళ్ళు నేసి, తాను నేసిన చీర కట్టుకుని ఒక మనిషి ఎదురుగా నిలబడడం ఆయన ఎన్నడూ చూడలేదు. సావుకారి ఉన్న రోజుల్లో నూలూ పట్టూ అతనే ఇచ్చేవాడు, రంగు అతనే చెప్పేవాడు. ఏది ఎక్కించమంటే అది ఎక్కించడమే మా పని. మా ఆయన గుంటలోంచి పైకి వచ్చాడు. చేతులు తువ్వాలుకు తుడుచుకున్నాడు. టీచరమ్మ కొంగును ఒకసారి తేరిపార చూసుకుని, పెళ్ళికూతురి వైపు తిరిగి, తన బతుకులో మొదటిసారి ఆ మాట అడిగాడు.

"నీకు ఏ రంగంటె ఇష్టం బిడ్డా?"