సారు లెక్కపెట్టిన భాష

మా సారు పోయారని మొన్న పొద్దున షాద్‌నగర్ స్టేషన్లో తెలిసింది. మహబూబ్‌నగర్ దవాఖానలో తెల్లవారుతుండగా ప్రాణం పోయిందని, బండి దిగిన ఆయన అల్లుడు చెప్పాడు. ఆయన్ను ఇంకోసారి చూసొద్దామని బయలుదేరినదాన్ని, టికెట్టు చేతిలో పట్టుకుని అక్కడి బెంచీ మీదే కూలబడ్డాను.

యూనివర్సిటీలో నేను మనస్తత్వశాస్త్రం చదివేటప్పుడు నా సిద్ధాంత వ్యాసానికి ఆయనే గైడు. ఆ నెలాఖరులోగా అంశం తేల్చుకోకపోతే ఏడాది పోయేది. ఇంకో ఏడాది చదివించే ఓపిక మా బాపుకు లేదు. లైబ్రరీలో విదేశీ పుస్తకాలు తిరగేసి, అర్థంలేని అక్షరాలను మనుషులు ఎంతసేపు గుర్తుపెట్టుకుంటారన్న అంశం ఒకటి పట్టుకెళ్లాను. సారు కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని చదివారు. చదవడానికి అద్దాలు తీసి, మనిషిని చూడ్డానికి పెట్టుకోవడం ఆయన అలవాటు.

"మంచిగనే ఉన్నది బిడ్డా. గని గిది పుస్తకంల దొరికింది. నువ్వు దేనికన్న పరేషాన్ అయినవా? గది తే" అన్నారు.

ఇంకోటి తెచ్చాను. అదీ వెనక్కిచ్చారు. గడువు దగ్గరపడేసరికి నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. చదువు మానేస్తున్నానని మొహం మీదే చెప్పేద్దామని ఒక ఆదివారం ఆయన ఇంటికి పోయాను.

సారు వాకిట్లో నిలబడి కప్పు పెంకులు లెక్కపెడుతున్నారు. మేస్త్రీతో తెలుగులో ముచ్చట పెడుతూనే, నోట్లో మాత్రం ఏక్, దో, తీన్ అని గొణుక్కుంటున్నారు. వరసకు ఏడు చొప్పున పేర్చి, ఉర్దూలో ఏడో ఎక్కం చదివి మొత్తం చెప్పారు. మా బాపూ అంతే. ఇంట్లో మాట తెలుగు, లెక్క ఉర్దూ. చెప్పడానికి వచ్చింది మరిచిపోయి అడిగేశాను.

"సార్, మీరు ఇంట్ల మాట్లాడేది తెలుగే గదా. లెక్క ఉర్దూల ఎందుకొస్తది?"

ఆయన చేతిలో పెంకుతో అలాగే నిలబడిపోయారు. నిజాం కాలపు ఉర్దూ బడిలో బెత్తం దెబ్బలతో నేర్చిన ఎక్కాలట.

"ఎందుకో నాకు ఎర్క లేదు. నువ్వే చెప్పాలె. గిదే రాయి పో."

ఉర్దూ బడిలో చదివిన తెలుగువాళ్లను వెతుక్కుంటూ సారూ నేనూ మోత్కూర్ దాకా తిరిగాం. నాకు తొందర ఎక్కువ. ఎదుటివాళ్లు ఆలోచిస్తుంటే మధ్యలో మాట అందించేదాన్ని. బయటికొచ్చాక సారు మెల్లగా అనేవారు, "అడిగినంక ఆగు బిడ్డా. జవాబు నువ్వు అందియ్యకు" అని. నా విషయంలో ఆయన చేసిందీ అదే. ఏదో ఒక అంశం చేతిలో పెట్టి పంపడం ఆయనకు ఒక్క నిమిషం పని. పెట్టనందుకు ఈ రోజుకీ ఆయనకు రుణపడి ఉన్నాను.

పోయిన వారం దవాఖానకు వెళ్లాను. సారుకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. నన్ను గుర్తుపట్టి ఏదో అనబోయారు. మాట రాక కళ్లనీళ్లు పెట్టుకున్నారు. జీవితమంతా పాఠం చెప్పిన మనిషి. ఏం మాట్లాడాలో తోచక, ఆయన చెయ్యి పట్టుకుని, ఏడు రెళ్లెంతని ఉర్దూలో, "సార్, సాత్ దూనే?" అన్నాను. అని ఆగాను.

"చౌదా" అన్నారు.

తలాపున కూర్చున్న ఆయన కూతురు దిగ్గున లేచింది. ఆ తర్వాత ఆయనే మెల్లగా ముందుకు పోయారు. ఇక్కీస్, అఠ్ఠాయీస్, పైంతీస్. "సాత్ ఛక్కే" అని, ఏడు ఆర్ల దగ్గర ఆగిపోయారు. పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. చెప్పమన్నట్టు కూతురు నా వైపు చూసింది. జవాబు నా నాలుక మీదే ఉంది. చెప్పలేదు. ఆయన చెయ్యి వదలకుండా, ఆ పెదవుల వైపే చూస్తూ కూర్చున్నాను.