సాక్ష్యంలో తేదీలు

1975లో నేను విజయవాడ బడికి బదిలీ అయి వచ్చాను. మా చర్చి ఆడవాళ్లం శుక్రవారం సాయంత్రాలు ఒక్కొక్కరి ఇంట్లో ప్రార్థన పెట్టుకునేవాళ్లం. ముగించే ముందు, వచ్చేవారం మా ఇంటికి రండి అని ఎవరో ఒకరు పిలవాలి. ఒక్కదాన్నే ఉండేదాన్ని కాబట్టి వారం మొత్తానికి నాకు దొరికే మనుషుల సందడి అదే.

నా గుణాల్లో నాకు బాగా నచ్చేది జ్ఞాపకం. ఎవరి బిడ్డ ఏనాడు పుట్టిందో, ఎవరి అత్తగారికి ఎప్పుడు ఆపరేషన్ అయిందో చూడకుండా చెప్పేదాన్ని. మనుషుల మీద ప్రేమ ఉంటేనే అవన్నీ గుర్తుంటాయని నా నమ్మకం. అందుకే, దేవుడు చేసిన మేలు గురించి ఎవరైనా లేచి సాక్ష్యం చెబుతూ తడబడితే అందించేదాన్ని. "మట్టల ఆదివారం కాదండీ, దాని ముందు వారం" అనేదాన్ని. వాళ్లు సంతోషిస్తున్నారనే అనుకున్నాను.

మొదటిసారి మా ఇంటికి అందరూ వచ్చారు. రెండోసారి పిలిస్తే ఒకావిడ కొంగు సర్దుకుంటూ, "ఈసారికి మా ఇంట్లో కానివ్వండి టీచరుగారూ" అంది. మూడోసారీ అంతే. ఆ రోజు మా వీధిలోనే ఉండే నర్సమ్మతో నడిచి వస్తూ, మా ఇల్లు ఇరుకనా అని అడిగాను.

"ఇల్లు కాదక్కగారూ, మీరే. అడిగారు కాబట్టి చెప్తన్నా," అని నవ్వింది. "మీ ముందు సాక్ష్యం చెప్పాలంటే కోర్టు బోనెక్కినట్టుంటదంట. దేవుడన్నా వదిలేస్తాడుగానీ టీచరుగారు వదలరంటన్నారు."

"నేను సాయం చేశాను."

"మీకట్టా ఉంటది. వాళ్లకట్టా లేదుగా మరి."

కోపంతో అని ఉంటే కొట్టిపారేసేదాన్ని. ఆమె మామూలుగానే అంది.

తర్వాతి శుక్రవారం ఒకావిడ తన కూతురికి టైఫాయిడ్ తగ్గిన సంగతి చెప్పింది. "ఈస్టరుకి ముందండీ. ఆసుపత్రిలో నేనూ ఆ దేవుడూ తప్ప ఎవరూ లేరు" అంది. ఈస్టరు కాదు, క్రిస్మస్ ముందు. ఆమె ఇంటికెళ్లి వంట చేసుకుని వచ్చేదాకా, బడి వదలగానే రోజూ ఆ పిల్ల మంచం పక్కన కూర్చున్నది నేను. ఆమె మధ్యలో ఆగి నా వైపు చూసింది. "అంతేగా టీచరుగారూ?"

"అంతేనండీ" అన్నాను.

"ఇవాళ టీచరుగారు పాసు చేసేశారే!" అని ఎవరో ఫక్కున నవ్వారు. గదంతా నవ్వింది. వచ్చేవారం మీ ఇంట్లోనే అని వాళ్లే అన్నారు.

వచ్చారు కూడా. చెక్కలు తిని, టీ తాగి, దీపాలు పెట్టేదాకా కబుర్లాడారు. "ఎంత కలుపుగోలుగా అయిపోయారండీ!" అని ఆ పిల్ల తల్లి నా చెయ్యి పట్టుకుంది. వాళ్లు వెళ్లాక గ్లాసులు కడిగి బోర్లించాను. ఆ పిల్లకి జ్వరం ఏనాడు దిగిందో ఈ ఊళ్లో నాకొక్కదానికే గుర్తుంది.